ఇల్లుబండి ఒరిగిన పక్క

మిషన్ వారి మందుల బండిని పటాన్‌చెరు నుంచి సదాశివపేట దాకా ఎవరూ మందుల బండి అనేవారు కాదు. అందరికీ అది ఇల్లుబండి. పాత లారీ చాసిస్ మీద చెక్కతోనూ రేకుతోనూ కట్టిన గది, దానికి రెండు కిటికీలు, వెనక తలుపు, తలుపు కింద మెట్లు. లోపల ఎడమ పక్క మందుల బీరువా, కిరసనాయిలు స్టవ్వు. కుడి పక్క పొడుగాటి బల్ల, బల్ల మీద పరుపు, పరుపు కింద ఒక మూతపెట్టె. ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు. బండి నడిపి, ఊళ్ళలో మందులిచ్చే కంపౌండర్ సుందర్‌రాజు ఒకరు. పురుళ్ళు పోసే నర్సు, అతని భార్య సౌభాగ్యమ్మ మరొకరు. నెలలో చాలా రోజులు వాళ్ళ కాపురం చక్రాల మీదే.

డెబ్బై ఒకటిలో వానలు వెనకబట్టాక ఆ ఇల్లు కుడి పక్కకు ఒరిగింది. ముందుగా పసిగట్టింది సౌభాగ్యమ్మ అన్నం గిన్నె. పొంగు వచ్చేసరికి గంజి కుడి అంచు మీదుగా కారి స్టవ్వు ఆర్పేసింది. సుందర్‌రాజు కిందికి దిగి, కాస్త ఎడంగా వెళ్ళి నిలబడి చూశాడు. కుడి పక్క రేకు అంచు చక్రం మీదికి దిగి ఉంది. రోజూ పొద్దున్నే పెళ్ళికొడుకుని చేసినట్టు ఆ బండిని కడిగి తుడిచే మనిషి. అతని మొహం మాడిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బీరంగూడలో జాగా మాట వచ్చింది. సౌభాగ్యమ్మ చెల్లెలు దయావతి అక్కడ టీచరు. ఆమె భర్తది పక్కనే ఉన్న పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం. కిరాణా దుకాణం విశ్వేశ్వర్ తన పొలాన్ని ముక్కలు చేసి ఫ్యాక్టరీ వాళ్ళకు అమ్ముతుంటే దయావతి వాళ్ళూ ఒక ముక్క తీసుకుని గోడలు లేపుతున్నారు. పక్క ముక్క మా అక్కకు ఉంచమని దయావతి అడిగితే, ముఖం తెలిసినవాళ్ళు కదా అని విశ్వేశ్వర్ సరేనన్నాడు.

సౌభాగ్యమ్మకు ఆ జాగా కావాలి. ఆమె మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగి అరిగిపోయాయి. బండిలో నిలబడి వంట చేసేటప్పుడు కూడా ఒక చెయ్యి గోడ పట్టుకుని ఉండడం ఆమెకు ఎంత అలవాటైందంటే, చెల్లెలి ఇంటికి వెళ్ళినా గోడ పట్టుకునే నిలబడేది. "కాలు పెడితే కదలని నేల గావాలె నాకు. ఇంకేమొద్దు" అని భర్తతో ఎన్నిసార్లు అన్నదో.

"బండి సక్కగ నిలబడనీ, సౌభాగ్యా. జాగ సంగతి తర్వాత చూద్దం" అన్నాడు సుందర్‌రాజు.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఒరిగిన బండి రోడ్డు మీదికి పోకూడదని మిషన్ పెద్దలు అన్నారు. బండి పోతే అతని కొలువూ పోతుంది. కానీ నిజానికి అతనికి ఒకచోట కుదురుగా ఉండడం ఇష్టం లేదు. ఏ ఊళ్ళో హారన్ కొట్టినా జనం ఎదురొచ్చేవాళ్ళు. ఇల్లు కట్టుకుని కూర్చుంటే అతనికోసం ఎవరు ఎదురొస్తారు? ఆ సంగతి పెళ్ళాంతో చెప్పలేక బండి మీదికి నెట్టాడు. ఇక్కడికి వచ్చేసరికి నాకు అతని మీద ఒళ్ళు మండుతుంది.

అసలు బండి ఎందుకు ఒరిగిందో చెప్పాలంటే పరుపు కింది పెట్టె సంగతి చెప్పాలి. పురుడు పోసిన మనిషిని మన పల్లెల్లో ఉత్తచేతులతో పంపరు. బియ్యమో, కోడో, రవికెగుడ్డో చేతిలో పెడతారు. మోమిన్‌పేట దిక్కున ఒక ఇంట్లో అవేవీ లేకపోయాయి. మనవడు పుట్టిన సంతోషంలో సత్తెమ్మ అనే ముసలామె గోడకు ఆనించి ఉన్న నాపరాతి బండ చూపించింది. ఆ పక్క భూమిలో బండలే పండుతాయి, ఏ ఇంటి ముందు చూసినా నాలుగు పడి ఉంటాయి. "ఇంట్లేసుకో బిడ్డా. నువ్వు నడిసినప్పుడల్ల మా పిలగాడు యాదికొస్తడు" అన్నది.

సౌభాగ్యమ్మ దాన్ని సంబరంగా తెచ్చుకుంది. సుందర్‌రాజు చూసి పడిపడి నవ్వాడు. "ఇల్లు లేదు గని బండలొచ్చినయా!" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ తర్వాత అతనికి ఒక్క బండ చూపించలేదు. ఆ దిక్కున ఏ ఇంట్లో పురుడు పోసినా ఒక బండ ఇస్తే చాలనేది. అతను ఊరి ఆ చివర చావడి ముందు పొట్లాలు కడుతుంటే, ఇంటివాళ్ళే బండ మోసుకొచ్చి పెట్టెలో పడుకోబెట్టి పోయేవాళ్ళు. పైన రబ్బరుషీటు, గుడ్డలు, కత్తెర, లోషను సీసా పరిచి మూత వేసేది. అది పురుటి సామాను పెట్టె. పురుటి సామాను మగవాళ్ళు ముట్టరు. చర్చిలో ముందు వరసలో కూర్చునే సుందర్‌రాజు కూడా ఆ విషయంలో అచ్చం ఊరివాడే. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి ఆ మూత ఎత్తలేదు.

పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన కమ్మరి ఐలన్న కొలిమి ఉంది. ఎడ్లబండ్ల చక్రాలకు కమ్ములు ఎక్కించే ఐలన్న, రోడ్డు మీద లారీలు పెరిగేసరికి కమాన్ల పనిలోకి దిగాడు. కమాను అంటే చక్రాల ఇరుసు మీద బండి బరువంతా మోసే ఉక్కుపట్టీల కట్ట. వంపు తగ్గిన పట్టీని కాల్చి, సమ్మెటతో కొట్టి మళ్ళీ వంపు తేవడంలో తనంతటివాడు హైదరాబాదులోనే లేడని అతనే చెప్పుకునేవాడు. అడగకపోయినా చెప్పేవాడు.

ఐలన్న బండి చుట్టూ తిరిగాడు. టైర్లలో గాలి చూశాడు. నేల నుంచి రేకు అంచు దాకా రెండు పక్కలా జానలతో కొలిచాడు.

"రోడ్డు ఎడమ అంచుకు, వాలు మీద నడుపుతరు గద సారూ, ఒరిగితే ఎడమకు ఒరగాలె. ఇదేంది కుడికి?"

"అది జెప్పమనే గద నీ కాడికొచ్చిన" అన్నాడు సుందర్‌రాజు.

"లోపట బరువేమన్న పెరిగిందా?"

"ఏం బరువు? పాత సామానే. కావాలంటె ఎక్కి చూడు."

"తప్పు సారూ. సిస్టరమ్మ కాపురముండే ఇల్లు. వంట చేసుకునే కాడ, పండుకునే కాడ నేనెట్ల కాలు పెడ్త? నా పని కింద." ఐలన్న గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు.

సౌభాగ్యమ్మ మెట్ల మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. బరువు మాట విన్నప్పుడు ఆమె చెయ్యి ఆగింది. చెబుదామనుకుంది. చెబితే నలుగురిలో మళ్ళీ నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ, బండలు తీయించి రోడ్డు పక్క మోరీలో పడేయిస్తాడు. రాళ్ళ లారీలను నిలబెట్టే ఐలన్నకు తన నాలుగు బండలు ఒక లెక్కా అని సర్దిచెప్పుకుంది. చెయ్యి మళ్ళీ బియ్యంలో కదిలింది.

ఐలన్న కుడి కమానులో ఒక పట్టీ ఎక్కువ వేశాడు. బండి లేచి తిన్నగా నిలబడింది. తిన్నగా నిలబడినా సుందర్‌రాజు బీరంగూడ పోలేదు. ఒక చుట్టు తిరిగి చూద్దాం, ఇట్లాగే నిలుస్తుందో లేదో తెలియాలి కదా అన్నాడు. ఆ చుట్టులో సౌభాగ్యమ్మ పురుళ్ళు చాలా పోసింది. బండి మళ్ళీ కుడికి ఒరిగింది.

రెండోసారి ఐలన్న కుడి కమానును ఎడమకు, ఎడమ కమానును కుడికి మార్చి చూశాడు. తప్పు కమానులో ఉంటే ఒరుగుడు కూడా దానితోపాటు పక్క మారాలి. మారలేదు. ఎత్తు చేసి బిగించిన కమాను ఎడమకు పోయేసరికి కుడి పక్క ఇంకా కిందికి పోయింది. అక్కడే తెలిసిపోవాలి, తప్పు కింద లేదని. ఐలన్నకు అది తట్టలేదంటే నేను నమ్మను. తట్టే ఉంటుంది. కానీ పైకి చూడాలంటే ఆ మెట్లెక్కాలి, ఆడమనిషి సామాను కదిలించమనాలి. దానికంటే చాసిస్ వంగింది అనడం సులువు. అదే అన్నాడు. కమాన్లు ఎక్కడివక్కడ పెట్టి కుడిపక్క ఇంకో పట్టీ వేశాడు. సంక్రాంతి పోయాక మరోటి. పట్టీలు పెరిగిన కొద్దీ కుడి పక్క బిర్రుగా అయింది. గుంత వచ్చినప్పుడల్లా బల్ల మీద సౌభాగ్యమ్మ నడుం కదిలిపోయేది. ఆమె ఒక్కసారీ కిక్కురుమనలేదు.

చలి తగ్గాక దయావతి కబురు చెప్పింది. "అక్కా, ఆ జాగకు రోజూ ఎవరో ఒకరు వస్తున్నరట. ఉగాది దాక ఆగుత అంటున్నడు విశ్వేశ్వర్. బావకు చెప్పు."

సౌభాగ్యమ్మ చెప్పింది. "బండి సక్కగ కానీ" అన్నాడు బావ.

అప్పుడు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. సుందర్‌రాజు మందుల కోసం సంగారెడ్డి పెద్దాసుపత్రికి బస్సులో వెళ్ళిన రోజున, బండి దయావతి కడుతున్న ఇంటి ముందే ఉంది. గోడలు కడుతున్న కూలీలను పిలిచి పెట్టె మూత తీసింది. ఒక్కొక్క బండ బయటికి వస్తుంటే దయావతి నోరు తెరిచి చూసింది.

"ఇన్నా! బావకు తెలుసా అక్కా?"

"బండి సక్కగ నిలబడ్డంక నేనే చెప్త. ఈ గోడకు ఆనించిపెట్టు. అవతల మా జాగనే గద, రేపు గోడ మీదికెల్లి అందిస్తె అయిపాయె."

పెట్టె ఖాళీ అయ్యాక ఆమె రోడ్డు మీదికి వచ్చి చూసింది. బండి ఎడమ పక్కకు ఒరిగి ఉంది.

ఆమెకు మొదట అర్థం కాలేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. బరువు పోయింది కానీ, ఆ బరువును ఎత్తడానికి వేసిన ఇనుము అలాగే ఉంది. కుడి పక్క పైకి లేచి, ఇల్లుబండి ఎడమ పక్కకు తల వాల్చింది. వెళ్ళి మెట్ల మీద కూలబడింది.

సుందర్‌రాజు బస్సు దిగుతూనే చూశాడు. "ఆ కమ్మరోడు బండిని సత్తెనాశ్ చేసిండు!" అని రంకెలు వేశాడు. సౌభాగ్యమ్మ అతని చేతిలో మందుల సంచి అందుకుని లోపల పెట్టింది. ఇప్పుడు చెబితే, ఇన్నాళ్ళూ బండిని ఒరగబెట్టింది నేనే అని చెప్పినట్టు. ఐలన్న పట్టీలు తీసేస్తే చాలు, ఉగాదికి ఇంకా వ్యవధి ఉంది అనుకుంది.

ఐలన్న కొలిమికి పోతే అక్కడ కాలు పెట్టే చోటు లేదు. ఉగాది ముందు కమ్మరి కొలిమి రైతులది. నాగటి కర్రులు, గొడ్డళ్ళు, కొడవళ్ళు కుప్పలు పడి ఉన్నాయి. "ఏడాదంత గింజలిచ్చేది ఆళ్ళు సారూ. ఆళ్ళ పని కాంగనే మీ బండి" అన్నాడు ఐలన్న. సుందర్‌రాజు అరిచాడు. ఐలన్న కూడా అరిచాడు. బండి కొలిమి పక్కనే ఆగిపోయింది.

"బస్సుకు పోయి విశ్వేశ్వర్‌కు ఒక్క మాట చెప్పి రారాదుండ్రి" అంది సౌభాగ్యమ్మ.

"ఒరిగిన బండి పెట్టుకొని ఏం ముఖంతోని చెప్పాలె?"

బీరంగూడ అక్కడికి ఎంతో దూరం లేదు. బస్సులు ఉన్నాయి, నడిచినా పోవచ్చు. అతను పోలేదు. ఆమె కూడా ఒక్కతే వెళ్ళి ఆ మాట చెప్పే ధైర్యం చెయ్యలేదు. మగమనిషి రాకుండా జాగా మాట ఎవరు వింటారు అనుకుంది. కొలిమి పక్క సమ్మెట దెబ్బలు వింటూ కూర్చున్నారు. ఉగాది వచ్చింది, పోయింది.

పండగ వెళ్ళాక ఐలన్న బండి కింద దూరి చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చి గోనె దులుపుకుంటూ అన్నాడు. "పట్టీలన్నీ మంచిగున్నయి. ఒక్కటి ఇరగలే, ఒక్క బోల్టు జారలే. నా పనిల తప్పు లేదు. కుడిపక్కకెల్లి బరువు పోయింది సారూ. ఏం దింపిన్రు?"

"ఏం దింపలే! నువ్వు చేసిన పని నా మీద పెడ్తవా?"

"నేను దింపిన" అంది సౌభాగ్యమ్మ. మెట్ల మీద నుంచి లేచి నిలబడింది. చెయ్యి తలుపు పట్టుకునే ఉంది. "బండలు. ఇంట్ల ఎయ్యనీకి జమచేసిన బండలు. పెట్టెల ఉండె. మన జాగ పక్కపొంటి పెట్టొచ్చిన, బండి సక్కగ నిలబడ్తదని."

సుందర్‌రాజు మెట్లెక్కి లోపలికి వెళ్ళి, పరుపు తీసి, జీవితంలో మొదటిసారి ఆ మూత ఎత్తాడు. గుడ్డలు, కత్తెర, లోషను సీసా ఒక మూల ఉన్నాయి. మిగతా పెట్టె ఖాళీ. అడుగు చెక్క మధ్యలో కిందికి కుంగి ఉంది. బండల అంచులు ఒరుసుకున్న గీతలు, తెల్లటి రాతిపొడి. వేలితో ఆ పొడిని తాకాడు. తను నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

బయటికి వచ్చి, "నాకు చెప్తే ఏమాయె సౌభాగ్యా?" అన్నాడు.

"మొదటిది చూపెట్టిన గద" అంది ఆమె.

ఐలన్న ఎన్నడూ లేనిది తల దించుకున్నాడు. "నాది గూడ తప్పే అమ్మా. మార్చి చూసిన్నాడే నాకు అనుమానమొచ్చింది. మీ ఇంట్లకు ఎట్ల రావాలె అని ఊకున్న" అన్నాడు. జాకీ ఎత్తి, కుడి కమానులో తను వేసిన పట్టీలు ఒక్కొక్కటే ఊడదీశాడు. బండి నెమ్మదిగా దిగి తిన్నగా నిలబడింది. అతను జానలతో కొలిచి చూడలేదు. అవసరం లేకపోయింది.

"ఇగ నడువు, బీరంగూడ పోదం. ఇయ్యాలనే మాట్లాడ్త" అన్నాడు సుందర్‌రాజు. దారంతా గట్టిగా తొక్కాడు. అంత తొందర ఆ బండి అతని చేతిలో ఎన్నడూ చూడలేదు.

దయావతి ఇంటి పక్క జాగాలో పునాది తవ్వుతున్నారు. ఎవరో ఫ్యాక్టరీ ఫిట్టరు, కొత్తగా వచ్చిన మనిషి, భార్యతో కలిసి దగ్గరుండి చూసుకుంటున్నాడు. సుందర్‌రాజు దుకాణానికి పరుగెత్తాడు. విశ్వేశ్వర్ తక్కెడ కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "ఉగాది ఎల్లినంక గూడ చూసిన కంపౌండర్ సాబ్. మీకెల్లి మాట లేదు, మనిషి లేడు. వద్దనుకున్నరేమో అనుకున్న" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. తప్పు పట్టే వీలుంటే సుందర్‌రాజుకు కొంత తేలికగా ఉండేది.

తిరిగి వచ్చేసరికి సౌభాగ్యమ్మ గోడ దగ్గర బండల పక్కన నిలబడి ఉంది. పునాది మట్టి వాటి మీద పడితే కొంగుతో దులుపుతోంది. అతని మొహంలోకి ఒకసారి చూసింది.

"అక్కా, ఈ బండలు...?" అంది దయావతి, మెల్లగా.

"మీ ఇంట్ల ఎయ్యి. మీకు సరిపోతయి."

"ఆగు సౌభాగ్యా, ఇంకో జాగ చూస్త. కిష్టారెడ్డిపేటల చూస్త, వెలిమెలల చూస్త" అన్నాడు సుందర్‌రాజు. ఆమె బండ మీద మట్టి దులుపుతూనే ఉంది.

ఎండలు ముదిరాక దయావతి గృహప్రవేశానికి పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. అందరూ భోజనాలకు పెరట్లోకి వెళ్ళాక సౌభాగ్యమ్మ కనిపించకపోతే, సుందర్‌రాజు వెతుక్కుంటూ ముందు గది గడప దాకా వచ్చాడు. ఆమె ఉత్తికాళ్ళతో గది మధ్యలో నిలబడి ఉంది. గోడ పట్టుకోలేదు. ఒక్కొక్క బండ మీద కాలు పెట్టి, ఆగి, ఇంకోదాని మీదికి నడుస్తోంది.

"ఇది సత్తెమ్మ మనవడిది" అంది, అతన్ని చూసి. "ఈ మూల పగిలింది కవలపిల్లలది, తల్లి బతకదనుకున్నం. ఇది ఎదురుకాళ్ళతోని పుట్టిన పోరిది. ఇప్పుడు ఉరుకుతున్నదట."

సుందర్‌రాజు గడప దాటి లోపలికి రాలేకపోయాడు. "మళ్ళ జమ చేద్దం సౌభాగ్యా. ఈసారి నేనే అడుగుత. నేనే మోస్త. నా మీద ఒట్టు" అన్నాడు.

ఆమె అతని వైపు కోపంగా చూడలేదు. కోపంగా చూసి ఉంటే బాగుండునని తర్వాత చాలా ఏళ్ళు అనుకున్నాడు.

"వద్దు. పెట్టె ఖాళీగనే ఉండనీ" అంది. "బండి సక్కగ నిలబడ్డది గద. మీరడిగింది గదే."

చివరి బండ మీద నుంచి దిగి, వాకిట్లో చెప్పులు వేసుకుని, వడ్డన దగ్గర చెల్లెలికి సాయం చెయ్యడానికి పెరట్లోకి వెళ్ళింది. తలుపులోంచి రోడ్డు మీద ఇల్లుబండి కనిపిస్తోంది, ఏ పక్కకూ ఒరగకుండా. సుందర్‌రాజు దానికి వీపు తిప్పి, ఆమె నడిచిన బండల మీద కాలు పెట్టకుండా గడప మీదే కూర్చున్నాడు.